చలికి బొద్దుగా, ఎండలకి సన్నగా: ఫెర్రెట్ రూపంలో ఏది సహజం, ఏది జబ్బు

మీ ప్రశ్నను ముందుగా రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అందుతుంది. మీరు మిషిగన్‌లో ఉంటున్నారు. కిందటి నవంబరులో ఆఫీసులో ఒకరు ఊరు మారిపోతూ తమ ఫెర్రెట్‌ను (చూడటానికి ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువు) మీకు ఇచ్చి వెళ్ళారు. మీ పాప దానికి బుజ్జి అని పేరు పెట్టింది. అప్పుడు బొద్దుగా, ముదురు గోధుమరంగు బొచ్చుతో, కళ్ళ చుట్టూ ముసుగు వేసుకున్నట్టు ఉన్న బుజ్జి ఏప్రిల్ వచ్చేసరికి సన్నబడింది, రంగు తేలిపోయింది, ముఖం మీది ముసుగు సగం మాయమైంది, తోక మీద వెంట్రుకలు రాలుతున్నాయి. ఇది జబ్బా అని మీ భయం. దాంతోపాటు మగదో ఆడదో ఎలా తెలుస్తుంది, తోడుగా తెల్లదాన్ని తెచ్చుకుంటే అది వేరే జాతా, విజయవాడలో ఉన్న మీ చెల్లెలు వీడియోలో చూసి "ముంగిసను పెంచుతున్నారా" అంది, అది నిజమా, పాప స్కూల్లో విన్న అంతరించిపోతున్న ఫెర్రెట్ ఇదేనా అని కూడా అడిగారు.

ముందు మీ మనసు కుదుటపడే మాట చెప్తాను. ఒళ్ళు తగ్గడం, రంగు తేలడం, ముసుగు మారడం ఈ కాలంలో ఫెర్రెట్‌కి మామూలే. తోక సంగతి మాత్రం చూడాల్సిందే, దాని గురించి కింద వివరంగా రాశాను. నేను ఇక్కడ చిన్న జంతువుల క్లినిక్‌లో పశువైద్యుణ్ణి, ఫెర్రెట్లను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మా దగ్గరికి కంగారుగా వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి చెప్పే మాట ఒకటే: ఫెర్రెట్ ఎలా ఉంటుందో ఒక ఫోటో చూసి గుర్తుపెట్టుకుంటే చాలదు, ఏడాది పొడుగునా ఎలా మారుతుందో తెలియాలి. అది తెలిస్తే అసలైన జబ్బు వచ్చినప్పుడు మీ కన్నే ముందు పట్టేస్తుంది.

మీ చెల్లెలి మాట నుంచి మొదలుపెడతాను. మన పొలాల గట్ల మీద పరిగెత్తే ముంగిసను చూసి పెరిగిన ఎవరికైనా ఫెర్రెట్‌ను చూడగానే అదే గుర్తొస్తుంది. పొడవాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, సన్నటి మూతి, చిన్న గుండ్రటి చెవులు, అన్నీ అలాగే ఉంటాయి. కానీ రెండింటికీ చుట్టరికం చాలా దూరం. మాంసాహార జంతువుల్లో పిల్లుల వైపు శాఖ ఒకటి, కుక్కల వైపు శాఖ ఒకటి. ముంగిస పిల్లుల వైపుది, ఫెర్రెట్ కుక్కల వైపుది. ఫెర్రెట్ కుటుంబంలో వీజిల్, మింక్, బ్యాడ్జర్, మన నీటికుక్క ఉన్నాయి. గోదావరి ముఖద్వారంలో కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలే మన ప్రాంతంలో బుజ్జికి దగ్గరి బంధువులు. బొరియల్లో దూరి వేటాడే బతుకు రెండింటికీ ఉండబట్టి వేరువేరు దారుల్లో వచ్చినా ఒకే ఆకారం తేలింది. కంటిపాప అడ్డంగా సాగి ఉండటం కూడా రెండింటిలోనూ కనిపిస్తుంది. ఇంకొక మాట కూడా చెల్లెలికి చెప్పండి: ముంగిస మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, దాన్ని పట్టి ఇంట్లో పెంచడం నేరం. ఫెర్రెట్ అడవిలో ఉండేది కాదు, మనిషి వేల ఏళ్ళుగా పెంచుకుంటున్న జంతువు.

దాని పూర్వీకుడు యూరప్ అడవుల్లో ఉండే పోల్‌క్యాట్ అనే చిన్న వేటజంతువు. సుమారు 2,500 ఏళ్ళ కిందట దాన్ని మచ్చిక చేశారని అంచనా. కుందేళ్ళ బొరియల్లోకి వదిలి వాటిని బయటికి తరమడానికి వాడేవారు. రోమన్ల కాలంలో స్పెయిన్ దగ్గరి బలేరిక్ దీవుల్లో కుందేళ్ళు పంటలు తినేసి జనాన్ని ముప్పుతిప్పలు పెడితే వాళ్ళు అగస్టస్ చక్రవర్తిని సాయం అడిగారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ రచనల్లోనే బొరియల్లోకి వదిలే ఈ చిన్న వేటజంతువు ప్రస్తావన వస్తుంది. 1758లో జంతువులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దీనికి పోల్‌క్యాట్ నుంచి వేరుగా పేరు పెట్టాడు. ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు దీన్ని పోల్‌క్యాట్‌కి పెంపుడు రూపంగానే లెక్కేస్తారు. ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, బుజ్జి ఒంట్లో ప్రతి భాగమూ ఆ బొరియ కోసం తయారైందే.

కొలతలు చూద్దాం. పెద్ద ఫెర్రెట్ ముక్కు నుంచి తోక చివరి దాకా దాదాపు 50 సెంటీమీటర్లు, అందులో తోక 13 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. బరువు 600 గ్రాముల నుంచి 2 కిలోల దాకా. మెడ, ఛాతీ, నడుము అన్నీ దాదాపు ఒకే లావులో ఉంటాయి. వెన్నెముక చాలా వంగుతుంది. ఇరుకు గొట్టంలో దూరి, లోపలే చుట్టూ తిరిగి, వచ్చిన దారినే బయటికి వచ్చేస్తుంది. పక్కటెముకలు 14 లేదా 15 జతలుంటాయి, మనకు ఉన్నవి 12 జతలే. ఛాతీ సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. గుండె కూడా కుక్క, పిల్లుల కంటే వెనక్కి ఉంటుంది. ఫెర్రెట్లను ఎక్కువ చూడని డాక్టరు స్టెతస్కోప్‌ను ముందు కాళ్ళ మధ్య పెట్టి గుండె సరిగ్గా వినపడటం లేదని అనుకోవచ్చు. ఇంకొంచెం వెనక పెడితే వినిపిస్తుంది.

మెడ లావూ తల లావూ ఒకటే కావడం వల్ల ఇంట్లో రెండు ఇబ్బందులున్నాయి. మెడకు పట్టీ వేస్తే తల వెనక్కి లాగి క్షణంలో వదిలించుకుంటుంది, అందుకే ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడాలి. రెండోది ఇంకా ముఖ్యం: తల పట్టిన చోట మిగతా ఒళ్ళంతా పడుతుంది. వాషింగ్ మెషిన్ వెనక, వంటగది అల్మారా కింద, వెనక్కి వాలే రిక్లైనర్ కుర్చీ లోపల అంగుళం, అంగుళంన్నర సందున్నా చాలు. రిక్లైనర్ మడతలో నలిగి వచ్చిన ఫెర్రెట్లను నేను చూశాను. దయచేసి ఆ కుర్చీని బుజ్జి తిరిగే గదిలోంచి తీసేయండి.

కాళ్ళు పొట్టివి, ఒక్కో పాదానికి ఐదేసి వేళ్ళు. గోళ్ళు పిల్లికి లాగా లోపలికి ముడుచుకోవు, ఎప్పుడూ బయటే ఉంటాయి, తవ్వడానికి. రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి, లేకపోతే కార్పెట్ దారాల్లో చిక్కుకుని వేళ్ళు బెణుకుతాయి. నడిచేటప్పుడు నడుము పైకి విల్లులా వంచి, గెంతుతూ పోతుంది. కొత్తగా చూసినవాళ్ళు వెన్నులో ఏదో లోపం ఉందనుకుంటారు, అది దాని మామూలు నడకే. ఉత్సాహం వస్తే నోరు తెరిచి, పక్కకి పక్కకి గెంతుతూ గోడలకీ కుర్చీలకీ గుద్దుకుంటుంది. తోక వెంట్రుకలు నిక్కబొడుచుకుని సీసాలు కడిగే బ్రష్‌లా అవుతాయి. మీ పాప భయపడిందన్నారు కదా, అది ఆటే. వెనక కాళ్ళు ఈడుస్తూ నడిస్తే, గెంతడం మానేసి నేలకి అతుక్కుని పాకితే మాత్రం ఆట కాదు, డాక్టరుకి చూపించాలి.

ఇక తల. పుర్రె పొడవుగా, కొంచెం చదునుగా ఉంటుంది. ముక్కు తడిగా ఉంటుంది. దాని రంగు గులాబీ, ముదురు గోధుమ, నలుపు, లేదా గులాబీ మీద గోధుమ చుక్కలు, ఏదైనా కావచ్చు. కళ్ళు చిన్నవి, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. దూరం చూపు బాగా తక్కువ, రంగులు కూడా కొన్నే తెలుస్తాయి. మసక వెలుతురులో, దగ్గర్లో కదిలేదాన్ని మాత్రం బాగా పట్టుకుంటుంది. బొరియలో ముందుకు పోవడానికి వాసన, చెవులు, మీసాలే దానికి ఆధారం. పరుగెత్తుతూ మంచం అంచు దాటి కింద పడిపోతే కళ్ళు దెబ్బతిన్నాయని అనుకోకండి, ఎత్తును అంచనా వేయడం దానికి మొదటి నుంచీ రాదు.

పళ్ళు మొత్తం 34. కోరలు పొడవుగా ఉంటాయి, కొన్నిటికి పైపెదవి కిందికి చిన్న మొనలు కనిపిస్తాయి, అదేమీ లోపం కాదు. దవడ కీలు పుర్రెలో అడ్డంగా ఉన్న గాడిలో బిగిసి ఉంటుంది, అందుకే కరిచి పట్టుకుందంటే దవడ జారదు. పళ్ళు చూడాలంటే తేలికైన ఉపాయం ఒకటుంది. మెడ వెనక వదులు చర్మాన్ని అరచేతితో పట్టుకుని, అడుగున రెండో చెయ్యి ఆసరా పెట్టి ఎత్తండి. తల్లి పిల్లను నోట కరుచుకున్నప్పటిలా ఒళ్ళు వదిలేసి పెద్దగా ఆవులిస్తుంది. ఆ కాసేపట్లో నోరంతా చూసుకోవచ్చు.

ఇచ్చినవాళ్ళు వయసు చెప్పలేదన్నారు. కోరల రంగు చూస్తే స్థూలంగా తెలుస్తుంది. చిన్న వయసులో కోరలు తెల్లగా, పాలరాయి రంగులో ఉంటాయి. మూడు నాలుగేళ్ళు దాటేసరికి పసుపెక్కి, కొన దగ్గర గాజులా పారదర్శకంగా అవుతాయి. పంజరం కమ్మీలు కొరికే అలవాటుంటే కొనలు విరిగి కూడా ఉంటాయి, అప్పుడు ఈ లెక్క పనికిరాదు. మామూలుగా ఫెర్రెట్ ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. అందువల్ల మూడేళ్ళు దాటిందా లేదా అన్నది చికిత్స విషయంలో పెద్ద తేడా తెస్తుంది.

మగా ఆడా సంగతి చాలా తేలిక. వెల్లకిలా పడుకోబెట్టండి. పొట్ట మధ్యలో బొడ్డులా ఒక చిన్న బుడిపె, రంధ్రం కనిపిస్తే మగది, ఆ చోట నుంచి వెనక్కి వేలితో తడిమితే చర్మం కింద సన్నటి ఎముక కూడా తగులుతుంది. పొట్ట మధ్యలో ఏమీ లేకుండా తోక కింద మలద్వారానికి కొంచెం ముందే రెండో ద్వారం ఉంటే ఆడది. ఇంగ్లండులో మగదాన్ని హాబ్ అనీ, ఆడదాన్ని జిల్ అనీ, పిల్లను కిట్ అనీ అంటారు. ఇక్కడి పెంపకందారులు కూడా అవే మాటలు వాడతారు. ఆపరేషన్ చేయని హాబ్ జిల్‌కి దాదాపు రెండింతలు ఉండొచ్చు: జిల్ 600 గ్రాముల నుంచి కిలో, హాబ్ కిలో నుంచి రెండు కిలోలు. తల కూడా వెడల్పుగా, మెడ కండపట్టి ఉంటుంది. అమెరికాలో షాపుల్లో దొరికేవాటికి పిల్లలప్పుడే పునరుత్పత్తి ఆపరేషన్ చేసేస్తారు, అందుకే ఇక్కడి మగవి అంత భారీగా ఎదగవు. చెవి లోపల పచ్చబొట్టు చుక్కలు రెండు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ ఆపరేషనూ, తోక కింద గ్రంథులు తీయడమూ అయిపోయాయని గుర్తు.

గ్రంథులు తీసినా వాసన ఉంటుందేమిటని చాలామంది అడుగుతారు. తోక కింద గ్రంథుల వాసన ఫెర్రెట్ బెదిరినప్పుడు ఒక్కసారి వచ్చి కాసేపట్లో పోయేది. రోజూ ఉండే ఆ కస్తూరి లాంటి వాసన చర్మంలోని నూనె గ్రంథులది. తరచూ స్నానం చేయిస్తే చర్మం ఎండిపోయి నూనె ఇంకా ఎక్కువ ఊరుతుంది, వాసన పెరుగుతుంది. పక్కబట్టలు వారానికోసారి ఉతకండి, స్నానం నెలకి ఒకటి మించనివ్వకండి.

ఇప్పుడు బొచ్చు, రంగు దగ్గరికి వద్దాం. మీ ప్రశ్నకి కీలకం ఇక్కడే ఉంది. ఫెర్రెట్ బొచ్చు రెండు పొరలు. లోపల పొట్టిగా, మెత్తగా, దట్టంగా ఉండే నూగు, ఇది తెలుపు నుంచి లేత బంగారు రంగు దాకా ఉంటుంది. దాని మీదుగా పొడవాటి, గరుకు వెంట్రుకలు. మనం రంగు అని చెప్పేది ఈ పై వెంట్రుకలదే. పై వెంట్రుకలు దట్టంగా ఉంటే ముదురుగా, పలచబడితే కింది నూగు బయటపడి లేతగా కనిపిస్తుంది. జంతువు రంగు మారక్కర్లేదు, పై పొర పలచబడితే చాలు.

బుజ్జిది మీ వర్ణన ప్రకారం సేబుల్ రంగు: వెచ్చటి ముదురు గోధుమ, కాళ్ళు తోక ఇంకా ముదురు, కళ్ళు దాదాపు నలుపు. ఎక్కువగా కనిపించేది ఇదే, అడవి పోల్‌క్యాట్ రంగుకి దగ్గరగా ఉండేదీ ఇదే. ఇంకా నలుపు, నలుపు కలిసిన సేబుల్, చాక్లెట్, ఎర్రటి ఛాయ ఉన్న సినమన్, లేత గోధుమ ఛాంపేన్ ఉన్నాయి. పై వెంట్రుకల్లో సగానికి సగం తెల్లవి కలిసి నెరిసినట్టు ఉంటే రోన్ అంటారు. ఒళ్ళు లేతగా ఉండి కాళ్ళు, తోక మాత్రం బాగా ముదురుగా ఉంటే పాయింట్. ఆంగోరా అని పొడవాటి బొచ్చు రకం ఒకటుంది, దాని ముక్కు రంధ్రాల దగ్గర అదనపు మడత ఉంటుంది, ముక్కు లోపల కూడా వెంట్రుకలు మొలుస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నా దాన్ని కొనమని నేను సలహా ఇవ్వను. ఆంగోరా తల్లులకి పాలు సరిగ్గా పడవు, పిల్లలకి వేరే తల్లి పాలు వెతకాల్సి వస్తుంది.

తెల్లది వేరే జాతి కాదు. కానీ తెల్లవాటిలో రెండు రకాలున్నాయి, మీరు తెచ్చుకునే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి. కళ్ళు ఎర్రగా లేదా గులాబీ రంగులో ఉంటే ఆల్బినో. రంగునిచ్చే మెలనిన్ తయారు కాకపోవడం వల్ల అలా పుడుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు రెండు ప్రతులూ రావాలి. ఇంగ్లండులో కుందేళ్ళ వేటగాళ్ళు చాలాకాలం ఈ తెల్లవాటినే ఎక్కువ ఇష్టపడ్డారు, పచ్చికలో మట్టిలో తేలిగ్గా కనిపిస్తాయి, కుందేలని పొరపడి తుపాకీ పేల్చే ప్రమాదం ఉండదు. ఆల్బినోకి మామూలు ఫెర్రెట్ కంటే వెలుతురు కొంచెం ఇబ్బంది, అంతకుమించి లోటు లేదు. వయసు పెరిగేకొద్దీ చర్మపు నూనె వల్ల బొచ్చు పసుపెక్కుతుంది, అది మురికి కాదు.

రెండో రకం, ఒళ్ళంతా తెలుపే ఉండి కళ్ళు మాత్రం నల్లగా ఉండేది. తల మొత్తం తెల్లగా ఉండే పాండా, నుదుటి మీద నుంచి మెడ దాకా తెల్లటి చార ఉండే బ్లేజ్ కూడా ఈ కోవలోనివే. వీటిలో పుట్టుకతో చెవుడు చాలా ఎక్కువ. పిండంలో రంగుకణాలు ఒంటి మీద కొన్ని చోట్లకి చేరకపోవడం వల్ల ఈ తెలుపు వస్తుంది. అవే కణాలు లోపలి చెవి పనిచేయడానికి కూడా కావాలి, అక్కడికి చేరకపోతే వినికిడి పోతుంది. పంజాలు మాత్రమే తెల్లగా ఉంటే, అంటే మిట్స్ అనే రకమైతే, అంత భయపడక్కర్లేదు. చెవిటి ఫెర్రెట్‌ను పెంచకూడదని నేను అనను. ఎంతో ప్రేమగా ఉంటాయి. కాకపోతే పిలిస్తే రాదు, వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు. చిన్న పాప ఉన్న ఇంట్లో అది ముందే తెలిసి తెచ్చుకోవాలి. కొనేముందు అది నిద్రలో ఉండగా కొంచెం దూరంగా తాళాల గుత్తి ఆడించి చూడండి. నేలనీ పంజరాన్నీ కదిలించకుండా చేయాలి, లేకపోతే అదురుకి లేచి చెవులు వినిపిస్తున్నట్టే అనిపిస్తుంది.

ముఖం మీది ముసుగు విషయం. సేబుల్ ఫెర్రెట్‌కి కళ్ళ చుట్టూ ముదురు పట్టీ, దానికి పైన నుదుటి మీదా కింద మూతి చుట్టూ లేత రంగూ ఉంటాయి. చలికాలంలో ఆ ముదురు రంగు పైకి పాకి నెత్తి దాకా కలుస్తుంది, కొన్నిటిలో ఇంగ్లీషు అక్షరం టీ ఆకారంలో ఉంటుంది. ఎండలు వచ్చేసరికి కళ్ళ దగ్గర రెండు మచ్చలు మిగులుతాయి, లేదా అవీ పోతాయి. వయసు మీద పడేకొద్దీ ముసుగు ఏటేటా ఇంకా తేలిపోతుంది. నవంబరు ఫోటో, ఏప్రిల్ ఫోటో పక్కపక్కన పెడితే వేరే ఫెర్రెట్‌ను తెచ్చి పెట్టారా అనిపించేంత తేడా ఉంటుంది. మీరు పంపిన రెండు ఫోటోల్లో కనిపించేది అదే.

దీన్నంతా నడిపించేది పగటి వెలుతురు. రోజులు కురచవుతుంటే మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు ఊరుతుంది, శరీరం చలికి సిద్ధమవుతుంది: పాత బొచ్చు రాలి దట్టమైన కొత్త బొచ్చు వస్తుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది. వసంతంలో రోజులు సాగుతుంటే ఇది తిరగబడుతుంది, కొవ్వు కరుగుతుంది, చలికాలపు బొచ్చు గుప్పెళ్ళకొద్దీ ఊడి పలచటి బొచ్చు మొలుస్తుంది. బరువులో ఈ తేడా 30 నుంచి 40 శాతం దాకా ఉండొచ్చు. ఆపరేషన్ అయినవాటిలో కొంత తక్కువ. ఇళ్ళలో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతాయి కాబట్టి కొన్నిటికి ఈ మార్పు ఆలస్యంగా, కొన్నిటికి అరకొరగా జరుగుతుంది. బొచ్చు ఊడే రోజుల్లో బుజ్జి ఒళ్ళు నాక్కుంటూ వెంట్రుకలు మింగుతుంది, కడుపులో ఉండకట్టే ప్రమాదం ఉంది. ఈ నెలంతా రోజూ మెత్తటి బ్రష్‌తో దువ్వండి.

బరువు తగ్గడం సహజమా కాదా అని కంటితో తేల్చడం కష్టం. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి అందులో బుజ్జిని కూర్చోబెట్టి వారానికోసారి తూచి రాసుకోండి. వసంతంలో మెల్లగా తగ్గి ఒకచోట నిలిచిపోతే ఫర్వాలేదు. తిండి తింటూనే ఆగకుండా తగ్గుతుంటే, వీపు మీద వెన్నుపూసలు వేలికి మొనలుగా తగులుతుంటే, ఒళ్ళు చిక్కి పొట్ట మాత్రం వేలాడుతుంటే తీసుకెళ్ళాలి. దీని పేగు చాలా కురచ, మనకున్న ఉండుకం దీనికి లేనే లేదు, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే ఎప్పుడూ తిండి అందుబాటులో ఉండాలి. అదీ మాంసం, మాంసపు కొవ్వు ఉన్నదే కావాలి. పాప ముద్దుగా పెడుతున్న అరటిపండు, బిస్కెట్లు ఈరోజే ఆపించండి.

చర్మం గురించి ఒక విషయం తెలిసి ఉంటే మంచిది. ఏ పరీక్షకో పొట్ట మీద బొచ్చు గీస్తే అది తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, బొచ్చు మార్చే కాలం వచ్చేదాకా ఆగుతుంది. మొలిచే ముందు ఆ చోట చర్మం నీలంగా మారుతుంది, దెబ్బ తగిలి కమిలినట్టే ఉంటుంది. చర్మం కింద కొత్త వెంట్రుకల కుదుళ్ళలో చేరుతున్న రంగు అది. వారం రెండు వారాల్లో అక్కడ బొచ్చు వచ్చేస్తుంది. దాన్ని చూసి రాత్రిపూట ఎమర్జెన్సీకి పరిగెత్తుకొచ్చినవాళ్ళున్నారు.

ఇక తోక. కొన్ని ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్లకి కూడా బొచ్చు మారే కాలంలో తోక ఒక్కటీ బోడిగా అవుతుంది, చర్మం మీద గోధుమరంగు నూనె చుక్కలు, నల్లటి మొటిమల్లాంటివి కనిపిస్తాయి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే శుభ్రపడి, తర్వాతి కాలంలో వెంట్రుకలు తిరిగి వస్తాయి. అదే తోక మొదట్లో మొదలై, నడుము మీదికి రెండు వైపులా సమానంగా పాకుతూ, పక్కటెముకల దాకా వస్తే అది అడ్రినల్ గ్రంథి (మూత్రపిండాల దగ్గర ఉండి హార్మోన్లు తయారుచేసేది) జబ్బు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అమెరికాలో మూడేళ్ళు దాటిన ఫెర్రెట్లలో మేము తరచూ చూసే జబ్బుల్లో ఇదొకటి. దురద ఉండొచ్చు. ఆపరేషన్ అయిన ఆడదానికి తోక కింద ద్వారం వాచి ఉబ్బితే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. మగదైతే ప్రోస్టేట్ గ్రంథి వాచి మూత్రం ఆగిపోవచ్చు. ముక్కుతూ, బొట్లుబొట్లుగా పోస్తూ ఉంటే తెల్లారేదాకా ఆగకండి, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

ఇది ఇక్కడ ఇంతగా ఎందుకు వస్తోందంటే, పసితనంలోనే చేసే ఆపరేషన్‌కి ఇందులో పాత్ర ఉందని చాలామంది వైద్యులం నమ్ముతున్నాం. వృషణాలు, అండాశయాలు లేకపోయినా మెదడు నుంచి వాటికి వెళ్ళే సంకేతాలు ఆగవు. ఆ సంకేతాలు అడ్రినల్ గ్రంథిని ఏళ్ళ తరబడి రెచ్చగొడతాయి, అది ఉబ్బి సెక్స్ హార్మోన్లు తయారుచేయడం మొదలుపెడుతుంది. అలాగని ఆడదాన్ని ఏ జాగ్రత్తా లేకుండా వదిలేయడమూ కుదరదు. జతకట్టకపోతే ఎద తగ్గదు, నెలల తరబడి ఈస్ట్రోజెన్ పెరిగి ఎముకల మజ్జ దెబ్బతిని రక్తహీనతతో చనిపోవచ్చు. చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ ఇప్పుడు ఈ జబ్బుకి బాగా పనిచేస్తోంది. చాలావాటికి కొన్ని నెలల్లో బొచ్చు మళ్ళీ దట్టంగా వస్తుంది.

పైకి కనిపించే ఇంకొన్ని గుర్తులు చెప్పేస్తాను. చెవిలో గుబిలి ఎర్రటి గోధుమరంగులో ఉండటం మామూలు, నల్లగా కాఫీపొడిలా ఉంటే పురుగులు పట్టాయేమో చూడాలి. గడ్డం కింద దద్దురు, పెదవుల దగ్గర పక్కులు, పాదాల మెత్తలు గట్టిపడటం కనిపిస్తే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు, ఫెర్రెట్‌కి అది సోకితే బతకడం అసాధ్యమనే చెప్పాలి. టీకా వేయించారో లేదో పాత యజమానిని అడిగి తెలుసుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే బుజ్జికి దూరంగా ఉండమనండి, మన ఫ్లూ దానికి అంటుతుంది. 1933లో లండన్‌లో మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరుచేయగలిగింది కూడా ఫెర్రెట్లకి సోకించి చూసే.

పాప స్కూల్లో విన్నది బ్లాక్ ఫుటెడ్ ఫెర్రెట్ గురించి. అది ఉత్తర అమెరికా అడవిజంతువు, వేరే జాతి. పాదాలు నల్లగా, ఒళ్ళు లేత పసుపు గోధుమ, తోక చివర మాత్రమే నలుపు. బుజ్జి తోక మొత్తం ముదురు రంగే, అదే తేలిక గుర్తు. అవి పూర్తిగా అంతరించాయనుకున్నాక 1981లో వయోమింగ్‌లో కొన్ని మిగిలి ఉన్నట్టు బయటపడింది. 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే పిల్లను క్లోనింగ్ ద్వారా పుట్టించారు, దాన్ని కడుపులో మోసింది మామూలు పెంపుడు ఫెర్రెట్టే. మీ పాపకి ఈ సంగతి చెప్పండి, సంతోషపడుతుంది.

మీ చెల్లెలు విజయవాడలో ఒకదాన్ని పెంచుకోవాలని ముచ్చటపడితే మాత్రం వద్దని చెప్పండి. ఫెర్రెట్‌కి చెమట పట్టి ఒళ్ళు చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు. దట్టమైన బొచ్చు చలి దేశానికి తగ్గది. 27 డిగ్రీలు దాటితేనే అలసిపోతుంది, 32 దగ్గర వడదెబ్బ తగులుతుంది. 45 డిగ్రీల మే నెలలో రెండు గంటలు కరెంటు పోతే చాలు, అది బతకదు. మీరు కూడా జూలైలో ఏసీ ఆపి ఊరికి వెళ్ళకండి, కారులో ఒక్క నిమిషం కూడా వదలకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: తోకతో పాటు నడుము, పొట్ట, తోక కింద భాగం స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీయండి. పదిహేను రోజుల తర్వాత అదే వెలుతురులో మళ్ళీ తీసి పోల్చండి. రాలడం తోక దాటి నడుము మీదికి ఎక్కకపోతే వేసవి దాకా చూడొచ్చు. ఎక్కితే, లేదా గోక్కోవడం, ద్వారం వాపు, మూత్రం ఇబ్బంది ఏ ఒక్కటి ఉన్నా అప్పటిదాకా ఆగొద్దు. ఫెర్రెట్లను చూసే డాక్టర్లు అన్ని క్లినిక్‌లలో ఉండరు, ముందే ఫోన్ చేసి అడిగి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఈ ఫోటోలూ, వారాలవారీ బరువులు రాసిన కాగితమూ తీసుకెళ్ళండి.